మోకాళ్ల నొప్పికి ఏ మాత్ర, ఎవరికి, ఎన్నాళ్లు?

మా మెడికల్ షాపుకు రెండు మెట్లున్నాయి. ఆ మెట్లు ఎక్కే తీరు చూస్తేనే మోకాళ్ల నొప్పి మాత్రకు ఎవరు వచ్చారో తెలిసిపోతుంది. పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి, రెండో కాలిని దాని పక్కకు తెచ్చుకుంటారు. పైకొచ్చి ఊపిరి తీసుకుని, "బాబూ, మొన్న ఇచ్చావే, ఆ నొప్పి మాత్ర, ఓ షీట్ ఇవ్వు" అంటారు. ఏ మాత్ర అంటే పేరు తెలియదు. పక్కింటావిడకు బాగా పనిచేసిందని కొందరు, పోయినేడాది చీటీ పట్టుకుని కొందరు వస్తారు.

పక్కింటావిడకు పనిచేసిన మాత్ర వీళ్లకూ పనిచేస్తుంది. నొప్పి తగ్గించడంలో ఈ మాత్రల మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా అవి చేసే చెడులో ఉంది. ఒకటి కడుపును ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఇంకొకటి గుండెను. కిడ్నీలను దాదాపు అన్నీ ఇబ్బంది పెడతాయి. అందుకే నొప్పి ఎంతుందన్నది ఒక్కటే చూసి మాత్ర ఎంచుకోకూడదు. అది వేసుకునే మనిషికి ఇంకేం జబ్బులున్నాయి, ఇంకేం మాత్రలు వాడుతున్నారు అన్నది ముందు చూడాలి.

ఇది నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ ఊళ్లో ఉంటుంది. మోకాళ్లకని ఒక క్లినిక్‌లో ఎసిక్లోఫెనాక్ పూటకొకటి రాశారు. నెల తర్వాత నడుము పట్టేస్తే ఇంకోచోట డైక్లోఫెనాక్ ఇచ్చారు. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆవిడా ఆపలేదు. బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర ఎప్పటినుంచో ఉంది. పైగా మే నెల ఎండలు. నేను వెళ్లేసరికి అమ్మ పాదం మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ చేయిస్తే 2.1. ఈ అంకె పెరిగితే కిడ్నీ మందగించినట్టు. ఆరు నెలల కింద 0.9 ఉండేది. బిస్కట్ల డబ్బాలోంచి షీట్లన్నీ మంచం మీద పోసి చూస్తే, వేరే వేరే పేర్లతో ఉన్న నొప్పి మాత్రలన్నీ ఒకే జాతివి. అన్నీ ఆపించి, బీపీ మాత్ర డాక్టర్‌తో మార్పించాక మూడు వారాలకు 1.1కి దిగింది. అందరికీ అలా దిగదు.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

వాపును, నొప్పిని తగ్గించే ఈ మాత్రలన్నీ ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. కీలులో నొప్పి, వాపు పెంచేవి అవే. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా అవే. కీలు దగ్గర ఆపి, కడుపు దగ్గర వదిలేయడం మాత్రకు చేతకాదు. కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు తెలిశాకే మాత్ర జోలికి వెళ్లాలి.

మొదటిది కడుపు. ఎప్పుడైనా కడుపులో పుండు పడిందా, నల్లగా విరేచనం అయిందా? వయసు 65 దాటిందా? ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మాత్రలు గానీ, స్టెరాయిడ్ గానీ వాడుతున్నారా? వీటిలో ఒక్కటున్నా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

రెండోది గుండె, బీపీ. స్టెంట్ వేశారా, హార్ట్ ఎటాక్ గానీ పక్షవాతం గానీ వచ్చిందా? గుండె బలహీనంగా ఉందన్నారా? బీపీ అదుపులో ఉందా? ఈ మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. చక్కగా ఉన్న బీపీ ఉన్నట్టుండి పెరిగిందంటే బీపీ మాత్ర మోతాదు పెంచే ముందు, ఈ మధ్య నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా అని అడగాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరికను గట్టి చేస్తూ, గుండెపోటు ముప్పు వాడకం మొదలుపెట్టిన తొలి వారాల్లోనే రావచ్చని చెప్పింది. ఏళ్ల తరబడి వాడితేనే ప్రమాదమన్న ధీమా పనికిరాదు.

మూడోది కిడ్నీ. ఏడాదిలోపు క్రియాటినిన్ చేయించారా? షుగర్, బీపీ ఉన్నవాళ్లలో చాలామంది కిడ్నీలు కొంత దెబ్బతిని ఉంటాయి, పైకి ఏమీ తెలియదు. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు వడపోసే వేగం) 60 కంటే తక్కువుంటే డాక్టర్‌ని అడక్కుండా ఒక్క మాత్ర కూడా వద్దు. 30 కంటే తక్కువుంటే ఈ జాతి మాత్రలు అసలే వద్దు.

నాలుగోది, ఎన్నాళ్లు వాడాలి. పెళ్లికి వెళ్లొచ్చాక రెండు రోజులు వాడటం వేరు, ఏడాది పొడవునా రోజూ వాడటం వేరు. సొంతంగా కొనుక్కుని పది రోజులకు మించి వేసుకుంటున్నారంటే అది డాక్టర్ చూడాల్సిన నొప్పి.

అసలు ఏ నొప్పి?

గుజ్జు అరిగిన మోకాలు నడిస్తే నొప్పి, కూర్చుంటే నెమ్మది. పొద్దున లేచాక పట్టేసినట్టు ఉన్నా అరగంటలోపు వదులుతుంది. అలా కాకుండా రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, పొద్దున గంటదాకా పిడికిలి బిగుసుకోకపోతే అది కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ అనుకోవాలి. ఈ మూడింటికీ నొప్పి మాత్ర పనిచేస్తుంది. అందుకే ప్రమాదం కూడా. కీళ్లవాతంలో నొప్పి మాత్ర బాధను కప్పుతుందే తప్ప కీలు పాడవడాన్ని ఆపదు. దాన్ని ఆపేది మెథోట్రెక్సేట్ లాంటి అసలు మందు. నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చిన ఏడాదిలో వేళ్లు వంకర పోతే మళ్లీ తిన్నగా కావు.

జ్వరంతో వచ్చే కీళ్ల నొప్పులు ఇంకో సంగతి. 2005-06లో ఆంధ్రలో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసినప్పుడు నొప్పి మాత్రలు ఎలా మింగామో మా తరానికి గుర్తుంది. డెంగీ కాదని పరీక్షలో తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు మిగతా నొప్పి మాత్రలు రక్తస్రావానికి దారితీస్తాయి.

ముందు పై పూత: డైక్లోఫెనాక్ జెల్

మోకాలి అరుగుదలకు నా మొదటి ఓటు జెల్‌కే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు మోకాలికి ముందు పూత మందే ఇవ్వమంటాయి. అమెరికాలోని రుమటాలజీ (కీళ్ల జబ్బుల) వైద్యుల సంఘం తన 2019 మార్గదర్శకాల్లో దీన్నే గట్టిగా సిఫారసు చేసింది. జెల్ రాసినప్పుడు రక్తంలోకి చేరే మందు మాత్ర వేసుకున్నప్పటితో పోలిస్తే సుమారు 6 శాతమే. కీలు దగ్గర పని జరుగుతుంది, కడుపుకూ గుండెకూ వెళ్లేది తక్కువ.

"జెల్ రాశాను, ఏం లాభం లేదు" అని రోజూ ఎవరో ఒకరు అంటారు. ఎంత రాశారని అడిగితే వేలి కొసన చూపిస్తారు, చింతగింజంత. అది చాలదు. ఒక మోకాలికి ఒక్కోసారి 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగు సార్లు కావాలి. అంటే 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికి మూడు రోజుల్లో సగం పైగానే అయిపోతుంది, నిండు మోతాదులో అయితే పూర్తిగా అయిపోతుంది. ఖర్చు పెరుగుతుంది, నిజమే. అందుకని జన ఔషధి దుకాణంలో అడగమని చెబుతాను, లేదా పెద్ద ట్యూబు తీసుకోమంటాను. మోకాలి చిప్ప మీద ఒక్కచోటే కాకుండా చుట్టూ నెమ్మదిగా పట్టించాలి. పుండు, గీత ఉన్నచోట రాయకూడదు. రాశాక పైన గట్టిగా కట్టు కట్టకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. చేతులు కడుక్కోవాలి. అసలు గుణం తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

జెల్ పనిచేసేది మోకాలు, చేతివేళ్లు, మణికట్టు లాంటి చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్లకే. తుంటి కీలు చాలా లోతున ఉంటుంది, అక్కడిదాకా చేరదు. ఇంకో జాగ్రత్త ఉంది. మన దగ్గర దొరికే చాలా ట్యూబుల్లో మిథైల్ శాలిసిలేట్ కూడా కలిపి ఉంటుంది. వార్ఫరిన్ వాడేవాళ్లు అది లేనిదే అడిగి తీసుకోవాలి.

పారాసెటమాల్

డోలో 650 అన్నా, క్రోసిన్ అన్నా ఇదే. ఇది వాపు తగ్గించే జాతి కాదు. మోకాలి అరుగుదలలో దీని బలం తక్కువని నైస్ వాళ్లు కూడా మామూలుగా ఇవ్వొద్దనే అంటున్నారు. అయినా నేను దీన్ని పక్కన పెట్టేయను. స్టెంట్ ఉండి, కిడ్నీ బలహీనంగా ఉన్న 70 ఏళ్ల మనిషికి మాత్ర రూపంలో మిగిలే దారుల్లో కాస్త నమ్మదగింది ఇదే. 650 మాత్రలు రోజుకు నాలుగు దాటకూడదు. కాలేయం జబ్బున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు ఇంకా తగ్గించాలి, డాక్టర్‌ని అడిగి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది కాబట్టి లెక్కలో అవీ కలపాలి.

ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్

ఐబుప్రోఫెన్ గుణం కొన్ని గంటలే ఉంటుంది. అప్పుడప్పుడూ వచ్చే నొప్పికి అది మంచిదే. ఆరోగ్యంగా ఉన్న 40 ఏళ్ల మనిషి, తోటలో పనిచేసి మోకాలు పట్టేస్తే, 400 మి.గ్రా. మాత్ర అన్నం తిన్నాక వేసుకుని, రోజుకు మూడు దాటకుండా రెండు మూడు రోజులు వాడుకోవచ్చు. కాంబిఫ్లామ్‌లో ఇదే 400 మి.గ్రా.తో పాటు పారాసెటమాల్ 325 ఉంటుంది. మీద డోలో వేసుకుంటే పారాసెటమాల్ రెండుసార్లు అవుతుంది.

గుండెకని ఎకోస్ప్రిన్ వాడేవాళ్లకు ఐబుప్రోఫెన్‌తో ప్రత్యేకమైన చిక్కుంది. ముందు ఐబుప్రోఫెన్ వేసుకుంటే, అది ప్లేట్‌లెట్ల మీద ఆస్పిరిన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. ఆస్పిరిన్ మింగినా గుండెకు అందాల్సిన రక్షణ అందదు. కాబట్టి వీళ్లు ఐబుప్రోఫెన్ జోలికి పోకపోవడమే నయం.

నాప్రోక్సెన్ గుణం ఎక్కువసేపు ఉంటుంది, రోజుకు రెండు పూటలు చాలు. పాత మాత్రల్లో గుండె మీద భారం కాస్త తక్కువని పేరున్నది ఇదే. కడుపు మీద మాత్రం ఎక్కువ. గ్యాస్ మాత్ర తోడు లేకుండా పెద్దవాళ్లకు వద్దు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్

మన రాష్ట్రాల్లో ఎక్కువ చీటీల మీద కనిపించేవి ఇవే. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. జీరోడాల్ అంటే ఎసిక్లోఫెనాక్. దాని వెనక 'పి' ఉంటే పారాసెటమాల్ కలిసిందని, 'ఎస్‌పి' ఉంటే సెరాషియోపెప్టిడేస్ కూడా కలిసిందని. ఈ చివరిదాని వల్ల మోకాలికి ఒరిగేదేమిటో గట్టి రుజువు నేనెక్కడా చూడలేదు.

డైక్లోఫెనాక్ నొప్పి మీద బాగానే పనిచేస్తుంది. కానీ గుండె విషయంలో పాత మాత్రల్లో ఎక్కువ అనుమానించాల్సింది ఇదే. యూరప్ ఔషధ సంస్థ 2013లోనే గుండె జబ్బు, పక్షవాతం, కాళ్ల రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు దీన్ని ఇవ్వొద్దని చెప్పింది. తర్వాత ఎసిక్లోఫెనాక్‌కూ అదే నియమం పెట్టింది. రోజు మొత్తానికి డైక్లోఫెనాక్ 150 మి.గ్రా., ఎసిక్లోఫెనాక్ 200 మి.గ్రా. మించకూడదు.

ఈ మందు గురించి చెప్పినప్పుడల్లా నాకు రాబందులు గుర్తొస్తాయి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను నాశనం చేసింది. దేశంలో ఆ పక్షులు దాదాపు కనుమరుగయ్యాక 2006లో పశువైద్యంలో దీన్ని నిషేధించారు. పశువుల ఒంట్లో ఎసిక్లోఫెనాక్ కూడా డైక్లోఫెనాక్‌గా మారుతుందని తేలి, 2023లో దాన్నీ పశువులకు వాడకుండా ఆపారు. మనిషి ఒళ్లు వేరు, రాబందు ఒళ్లు వేరు. ఆ మోతాదులో మనకు అలా జరగదు. కానీ మందుకు కిడ్నీతో ఉన్న లెక్క ఎలాంటిదో ఆ పక్షులు చెప్పే పోయాయి.

ఎటోరికాక్సిబ్, సెలికాక్సిబ్

కడుపును తక్కువ ఇబ్బంది పెట్టడానికి తయారైనవి ఇవి. ఆ మాట నిజం. ఈ కుటుంబంలోని రోఫెకాక్సిబ్ గుండెపోట్లు పెంచుతోందని 2004లో ప్రపంచమంతా మార్కెట్ నుంచి తీసేశారన్నదీ నిజమే. అప్పటినుంచి వీటిని గుండె కోణంలోంచి చూడక తప్పడం లేదు.

ఎటోరికాక్సిబ్ రోజుకు ఒక్క మాత్ర చాలు, అందుకే జనానికి ఇష్టం. అరుగుదలకు 30 నుంచి 60 మి.గ్రా. వరకే. 120 మి.గ్రా. మాత్ర గౌట్ నొప్పి ఒక్కసారిగా ఎగసినప్పుడు మాత్రమే, అదీ 8 రోజులకు మించకుండా. "ఒకటేసుకుంటే దెబ్బకు పోయిందండీ" అంటూ 120 రోజూ మింగేవాళ్లు నాకు తెలుసు, వాళ్ల బీపీ చూస్తే భయమేస్తుంది. బీపీ 140/90 పైన, అదుపు లేకుండా ఉంటే ఈ మందు మొదలుపెట్టకూడదు.

సెలికాక్సిబ్‌కు కాస్త మంచి సాక్ష్యం ఉంది. గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న 24,000 మందికి పైగా కీళ్ల రోగులతో చేసిన ప్రెసిషన్ అధ్యయనం 2016లో వెలువడింది. మామూలు మోతాదులో సెలికాక్సిబ్ గుండె విషయంలో ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్‌ల కంటే చెడ్డది కాదని, కడుపు విషయంలో మేలని తేలింది. రోజుకు 200 మి.గ్రా. దాటనంతవరకే ఈ మాట. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. తోడుగా ఎకోస్ప్రిన్ వేసుకుంటే కడుపుకు దొరికిన లాభం చాలావరకు పోతుంది.

క్లుప్తంగా పక్కపక్కన పెడితే

| మందు | కడుపు మీద | గుండె, బీపీ మీద | కిడ్నీ మీద | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| డైక్లోఫెనాక్ జెల్ | చాలా తక్కువ | చాలా తక్కువ | తక్కువ | మోకాలు, చేతివేళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లు |
| పారాసెటమాల్ | తక్కువ | తక్కువ | తక్కువ | మిగతావి పడనివాళ్లు. బలం తక్కువ |
| ఐబుప్రోఫెన్ | మధ్యస్థం | మోతాదుతో పెరుగుతుంది | ఉంది | వేరే జబ్బులు లేనివాళ్లు, కొద్ది రోజులు |
| నాప్రోక్సెన్ | ఎక్కువ | మిగతావాటికంటే తక్కువ | ఉంది | కడుపు బాగున్నవాళ్లు, గ్యాస్ మాత్రతో |
| డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు | మధ్యస్థం | ఎక్కువ | ఉంది | గుండె జబ్బు లేనివాళ్లు, కొద్ది రోజులు |
| ఎటోరికాక్సిబ్ | తక్కువ | ఎక్కువ, బీపీ పెంచుతుంది | ఉంది | బీపీ లేనివాళ్లు, డాక్టర్ చూపులో |
| సెలికాక్సిబ్ 200 వరకు | తక్కువ | మధ్యస్థం | ఉంది | కడుపు సున్నితమై, రోజూ మాత్ర తప్పనివాళ్లు |

నిమెసులైడ్, పిరాక్సికామ్ ఈ పట్టికలో పెట్టలేదు. మొదటిది కాలేయానికి ప్రమాదం, 12 ఏళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. రెండోది ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది, కడుపులో పుండ్లు ఎక్కువ. ఇన్ని మంచి దారులుండగా మోకాలి నొప్పికి ఈ రెండూ ఎందుకు?

మీరు వీళ్లలో ఎవరు?

*స్టెంట్ వేసి, ఎకోస్ప్రిన్ వాడుతున్నవాళ్లు.* జెల్, పారాసెటమాల్, వ్యాయామం. ఇవి చాలకపోతే మాత్ర గురించి గుండె డాక్టర్‌తోనే మాట్లాడాలి. కీళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు స్టెంట్ సంగతి మొదటి మాటగా చెప్పండి. మోకాలు చూపించడానికి వచ్చాం కదా అని చాలామంది గుండె విషయం చెప్పరు.

*బీపీకి రెండు మందులు కలిసిన మాత్ర వాడుతున్నవాళ్లు.* మా అమ్మ ఈ కోవలోకే వస్తుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనాలాప్రిల్ ఒక రకం. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్రూసెమైడ్ లాంటి మూత్రం పోయించే మందులు ఇంకో రకం. ఈ రెండూ కలిసి ఉన్నవి మన దగ్గర చాలా మామూలు. టెల్మిసార్టాన్ బ్రాండు టెల్మా వెనక 'హెచ్' ఉంటే అదే అర్థం. వాటి మీద నొప్పి మాత్ర కూడా చేరితే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. రక్తం లోపలికి తెచ్చే నాళాన్ని నొప్పి మాత్ర బిగిస్తుంది. బయటికి తీసుకెళ్లే నాళాన్ని మొదటి రకం వదులు చేస్తుంది. మూత్రం పోయించే మందు ఒంట్లో నీరే తగ్గిస్తుంది. వడపోతకు కావాల్సిన ఒత్తిడి ఇక ఎక్కడిది? విరేచనాలు, వాంతులు, ఎండదెబ్బ తోడైతే నాలుగైదు రోజుల్లోనే క్రియాటినిన్ పెరగవచ్చు. మీ బీపీ మాత్ర షీట్ వెనక పేర్లు ఈ పూటే చదవండి. అందులో ఈ రెండు రకాలూ ఉంటే జెల్‌తోనే సరిపెట్టుకునే ప్రయత్నం చేయండి. ఆమ్లోడిపిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ చిక్కు ఇంతగా ఉండదు.

*షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ కాస్త దెబ్బతిన్నవాళ్లు.* శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊరూరా కిడ్నీ రోగులున్నారు. అక్కడి జబ్బుకు ఇదీ కారణమని ఒక్కటి తేల్చలేకపోయారు. కారణం ఏదైనా, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ మీద నొప్పి మాత్ర వేయకూడదన్న విషయంలో మాత్రం ఏ డాక్టర్‌కూ రెండో మాట లేదు. కవిటి, సోంపేట, పలాస వైపువాళ్లు, డయాలసిస్ దగ్గరిదాకా వెళ్లిన కుటుంబాలవాళ్లు క్రియాటినిన్ చూడకుండా ఒక్క నొప్పి మాత్ర కూడా కొనకండి. మరీ నొప్పి ఎక్కువైతే మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక దారి. కొన్ని వారాలు ఊరట ఇస్తుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లకు మించి వద్దు, చేయించుకున్నాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది.

*పొలం పనికి వెళ్లేవాళ్లు.* నాట్ల రోజుల్లో పొద్దున్నే ఒక నొప్పి మాత్ర వేసుకుని మడిలో దిగే అమ్మలను చూస్తుంటాను. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువ తాగుతారు. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఈ మాత్ర అసలు చెడ్డది. మాత్ర తప్పదనుకుంటే పని అయ్యాక, ఇంటికొచ్చి నీళ్లు తాగి, అన్నం తిని, అప్పుడు వేసుకోండి. నడుముకు బలం చేకూర్చే వ్యాయామం ఎవరైనా నేర్పగలిగితే అది ఏ షీట్ కంటే మేలు.

*కడుపులో పుండు వచ్చి తగ్గినవాళ్లు.* జెల్. మాత్ర తప్పదంటే సెలికాక్సిబ్, దానితో పాటు ఓమెప్రజోల్ గానీ పాంటోప్రజోల్ గానీ. అదీ డాక్టర్ రాస్తేనే.

*కీళ్లవాతం ఉన్నవాళ్లు.* రుమటాలజిస్ట్ రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, రోజూ కాదు. ఆ మందుతో పాటు నొప్పి మాత్ర వాడుతుంటే రక్తపరీక్షలు చెప్పిన తేదీకి చేయించాలి. అసలు మందు పట్టు దొరికాక నొప్పి మాత్ర తగ్గించడం లక్ష్యంగా పెట్టుకోండి.

*గర్భిణులు.* 20 వారాలు దాటాక ఈ జాతి మాత్రలు వద్దు.

కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

"అన్నం తిన్నాక వేసుకుంటే ఏం కాదు." మంట తగ్గుతుంది, పుండు ముప్పు పోదు. చెడు చేసేది కడుపులో కరిగే మాత్ర ఒక్కటే కాదు, రక్తంలో తిరిగే మందు కూడా. అందుకే "సూది వేయించుకుంటే కడుపుకు రాదు" అన్నది కూడా తప్పే.

"గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాగా." పాన్ 40, ఓమెజ్ లాంటివి పరగడుపున, టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటే కడుపును చక్కగా కాపాడతాయి. కిడ్నీకీ, గుండెకూ వాటివల్ల ఏ రక్షణా లేదు.

"ఫలానా ఊళ్లో పొడి ఇస్తారు, మూడు రోజుల్లో లేచి పరిగెత్తారు." ఇలాంటి పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపినవి పట్టుబడిన సందర్భాలు తక్కువేమీ కాదు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్ ఉన్నట్టుండి ఎగబాకడం చూస్తే నాకు ముందు ఆ పొట్లాల మీదే అనుమానం. నెలలు వాడాక ఒక్కసారి ఆపేస్తే కుప్పకూలే ప్రమాదం ఉంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పే ఆపాలి.

"ఈ మాత్రలన్నీ వద్దు, ట్రమడాల్ ఇవ్వండి." అల్ట్రాసెట్‌లో ఉండేది అదే, పారాసెటమాల్‌తో కలిపి. కళ్లు తిరగడం, మలబద్ధకం, వాంతులు, అలవాటు పడటం. అరుగుదల మోకాలున్న పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కు లేచి కళ్లు తిరిగి పడితే తుంటి విరుగుతుంది. డాక్టర్ చెప్పిన కొద్దిరోజులకే పరిమితం.

వాడుతున్నప్పుడు

ఒక సమయంలో ఈ జాతివి ఒకటే. ఇద్దరు డాక్టర్లు రాస్తే షీట్లు రెండూ తెచ్చి చూపించండి. షాపులో ఎవరైనా రెండు నిమిషాల్లో చెప్పగలరు. పనిచేసే అతి తక్కువ మోతాదు, అతి తక్కువ రోజులు. నెలలపాటు తప్పనివాళ్లు మొదలుపెట్టే ముందు బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించుకుని, రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చూపించుకోవాలి.

విరేచనం తారులా నల్లగా అయినా, కాఫీపొడి రంగులో వాంతి అయినా, ఛాతీలో బరువు, ఒకవైపు చేయి కాలు లాగేయడం, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా, కళ్లు పచ్చబడినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా తెల్లవారేదాకా ఆగొద్దు.

మాత్రల మీద ఆధారం తగ్గించేది మోకాలి చుట్టూ ఉన్న కండ. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, తొడ బిగించి, పది అంకెలు లెక్కపెట్టి దించడం. కాలికి పదిసార్లు, రోజుకు రెండుసార్లు. మొదటి వారం ఏమీ తెలియదు, ఆరో వారానికి మెట్లు చెబుతాయి. బరువు ఒక్క కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కింద బాసింపట్టు వేసి కూర్చోవడం, నేలమీది బాత్రూమ్ మానలేకపోతే కనీసం లేవడానికి ఒక పిడి పెట్టించండి.

మా అమ్మ ఇప్పుడు టీవీ చూసే టైమ్‌లో ఆ కాలు చాపే వ్యాయామం చేస్తుంది. మూడు పూటలా జెల్ రాసుకుంటుంది, నిండు మోతాదులో. బిస్కట్ల డబ్బాలో నొప్పి మాత్రల స్థానంలో పారాసెటమాల్ షీట్ ఒక్కటే ఉంది. డబ్బా మూత లోపలివైపు తెల్ల ప్లాస్టర్ అంటించి తన క్రియాటినిన్ అంకె, తేదీ రాయించుకుంది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ మూత తీసి చూపిస్తుంది.